ఊపు

కూహ్మో తనిఖీ కేంద్రంలో
ఎయిలా మా వ్యాను వెనక మూల పట్టుకుని
ఒళ్ళంతా బరువేసి నొక్కి వదిలింది.
లేచింది, దిగింది, మళ్ళీ లేచింది,
మళ్ళీ,
అడగని సంగతులన్నీ చెప్పేసే చిన్నపిల్లలా
ఊగుతూనే ఉంది.

"ఎన్నాళ్ళయింది ఇలా?"
శీతాకాలం నుంచి, అన్నాను.
ఏ శీతాకాలమో చెప్పలేదు.
"వెనక కూర్చునేవాళ్ళు ఏమీ అనరా?"
గోడమీది టైర్ల బొమ్మ వంక చూశాను.
షాక్ అబ్సార్బర్లు, వెనకవి. ఫెయిల్.
నెల గడువు.

అనడమేమిటి!
రంపపు మిల్లు దాటాక
మంచు కరిగే రోజుల్లో నేల ఉబ్బే చోటుంది.
అక్కడికి అరమైలు ముందునుంచే
బడిపిల్లలు చేతులెత్తి సిద్ధమయ్యేవాళ్ళు.
నేనూ బ్రేకు మీద కాలు పెట్టేదాన్ని కాదు, చెప్పాలంటే.
వ్యాను తేలి, కూలబడి, తేలి,
మూడు, నాలుగు,
అందరూ ఒకే గొంతుతో లెక్కపెట్టేవాళ్ళు.
ఏడు ఊపులు ఊగిన రోజు
ఊనా డైరీలో తారీఖు వేసుకుంది.

తౌనో కొట్టంలో, ట్రాక్టరు పక్కన జాకీ ఎత్తాం.
నట్టుకి ఎన్నేళ్ళ ఉప్పు పట్టిందో.
నూనె పోసి కాఫీ తాగాం. కదల్లేదు.
మళ్ళీ పోసి, మళ్ళీ తాగాం.
పానాకి పొడుగాటి గొట్టం తొడిగి
ఇద్దరం వేలాడితే
తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు.
కుక్క బయటికి పారిపోయింది.
విరిగింది నట్టు కాదు, పానా.
చివరికి మంట పెడితే లొంగింది.

ఎడమది ఒళ్ళంతా నూనె కార్చుకుని నల్లగా ఉంది.
కడ్డీని అరచేత్తో నొక్కితే
లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.
కుడిది మాత్రం మెల్లగా పైకొచ్చింది,
పిలిస్తే విసుక్కుంటూనే లేచే మనిషిలా.
"ఇది బాగానే ఉందిగా?"
"జంటగానే మార్చాలి," అన్నాడు తౌనో,
"ఒక్క కాలికే కొత్త చెప్పు కొంటావా?"
బాగున్నదాన్నీ తుక్కులోకి విసిరాం.
అది నాకు నచ్చలేదు. ఇప్పటికీ.

బరువు మోసేది ఇది కాదట.
మోసేది స్ప్రింగు.
దెబ్బ తగిలాక ఎంతసేపు ఊగాలి,
అంతవరకే దీని పని.
నడుం కింద అట్ట పరుచుకుని
వెల్లకిలా పడుకుని
ఆ మాటకేసి చాలాసేపు చూశాను.
కంట్లో తుప్పు పడింది.

సోమవారం. మిల్లు దాటాం.
చేతులు లేచాయి.
వ్యాను ఒక్కసారి కుంగింది, లేచింది,
ఆగింది.
చేతులింకా గాల్లోనే ఉన్నాయి.
"రోడ్డు బాగుచేశారా?" ఆమోస్ అడిగాడు.
"కాదు, ఈవిడే ఏదో చేసింది," అంది ఊనా,
దొంగను పట్టిచ్చినట్టు.

అద్దంలోకి చూశాను.
వెనక సీటు చివర, కిటికీ పక్కన, యల్మారి.
ఎనిమిదేళ్ళవాడు.
ఎప్పుడూ రెండు చేతులతో బెల్టు పట్టుకునే ఉంటాడు,
అందుకే పైకెత్తడం లేదని
ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు.
ఐదుగురు పిల్లలు, నాలుగు గొంతులు.
లెక్క సరిపోలేదని
లెక్కపెట్టేవాళ్ళెవరూ అనలేదు.
నేను కూడా.

చెరువు మలుపులో మళ్ళీ చూశాను.
బెల్టు మీద వాడి వేళ్ళు లేవు.
సంచి విప్పి ఆపిల్ తీసి
తొక్క దగ్గర కొద్దిగా కొరికి, ఆగి,
కడుపులో ఏమవుతుందో చూసుకుని
ఇంకాస్త కొరికాడు.
వ్యానులో వాడు ఏదైనా తినడం
రెండేళ్ళలో అదే మొదలు.

బడి గేటు దగ్గర తలుపు తెరిస్తే
గింజలు నా అరచేతిలో పోసి దిగిపోయాడు.
ఊనా శుక్రవారం దాకా
నాతో మాట్లాడలేదు.